సింగారమ్మ చెంబుడు నీళ్లు

సింగారమ్మని మా లంకలో పడవలకి నూనె రాసే మనిషి ఉండేదండి. మొగుడికి చెయ్యి పడిపోయింది, ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈవిడ చేతిలో నూనెగుడ్డే దిక్కు. ఏమైందంటే, పడవ దిగేవోళ్లు బురదలో జారి పడతన్నారని మా సర్పంచి పాపారాయుడుగారు రేవులో బల్లల దారి వేయించేడు. మామూలు బల్లలా? కాదు! చెద పట్టకుండా కలప డిపోలో మందు ఎక్కించిన బల్లలంట. పచ్చగా, తడితడిగా, ఒక్కోటి ఇద్దరు పడితేగాని లేవదనుకో. వేయించిన మర్నాడే కబురెట్టేడు, అమ్మోరి తీర్థానికి ఇంక పది రోజులే ఉంది, ఇయ్యాలే నూనె పట్టించెయ్ అని. ఈవిడేం చేసిందీ, చెంబుతో నీళ్లు తెచ్చి బల్ల మీద గుప్పెడు చల్లిందంట. తామరాకు మీద నిలబడినట్టు చుక్కలు అలాగే నిలబడ్డాయి. "మందు తడి ఇంకా లోపలే ఉంది బాబుగారూ. ఇప్పుడు రాస్తే నూనె పైనే ఉండిపోద్ది. బల్లకి దాహం వెయ్యనియ్యండి" అందంట.

ఆయనకి ఒళ్లు మండిపోయింది. బల్లలకి దాహమేంటే, పిచ్చిగానీ పట్టిందా, రాయకపోతే రేపట్నుంచి పడవల పని కూడా నీకు లేదు పో అన్నాడు. అయినా ఈవిడ ఏవందో తెలుసా? "చెడిపోయే పని నా చేత్తో చెయ్యను బాబూ. సగం ఎవరిచేతన్నా రాయించుకోండి, సగం నాకొదలండి. నాది తప్పయితే మళ్లీ ఈ రేవులో కనపడను" అంది. చూశారా! ఇంట్లో గింజ లేదు, ఆ గుండె చూడండి. నాకైతే ఎక్కణ్ణుంచొస్తదమ్మా అంత ధైర్యం!

సరే చూద్దామని ఆయన పిలిపిస్తే, పట్నం పెయింటరొచ్చి పడమటి సగానికి నూనె దట్టంగా పూసేడు. అద్దంలా మెరిసింది, తీర్థానికొచ్చినోళ్లంతా ఆహా ఓహో అన్నారు. ఈవిడ రోజూ పొద్దున్నే చెంబుతో రావడం, చల్లడం, చూడ్డం, పోవడం. చల్లడం, చూడ్డం, పోవడం. ఏవే, బల్లలు చిగురేస్తాయా అని అందరూ నవ్వడమే. ముప్ఫై నాలుగో రోజున ఏమైందంటే, చల్లిన నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయినాయంట! అప్పుడు, మంచు ఆరేకా, ఎండ ముదరకముందే, పల్చగా నూనె పట్టించి, బల్ల తాగగా మిగిలింది పొడిగుడ్డతో తుడిచేసింది. అంతే. మెరుపూ లేదు, గిరుపూ లేదు.

వానలొచ్చేయి. పడమటి సగం పొక్కులు లేచి, పొరలు పొరలుగా ఊడి, నాచు పట్టింది. ఓ పొద్దున్న పాపారాయుడుగారు ఇస్త్రీ పంచెతో పడవ దిగి అటే అడుగేసేడు, దభీమని పడ్డాడు! లేవబోయి మళ్లీ పడ్డాడు. పాక్కుంటా పాక్కుంటా సింగారమ్మ సగం మీదకొచ్చి అక్కడ నిలబడ్డాడంట. కాలు జారలేదు. ఆ నాచు పంచెతోనే తిన్నగా ఆవిడ గుమ్మంలోకెళ్లి, "నాదే తప్పు సింగారమ్మా, ఆ సగం కూడా నువ్వే చెయ్యాలి" అన్నాడు. ఈవిడ లోపలికెళ్లి చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "వానలు తగ్గేక ఆ పూత గీకించండి. రోజూ చల్లి చూడండి. తాగిన రోజున కబురెట్టండి బాబుగారూ" అందంట. సర్పంచిగారు రోజూ పొద్దున్నే చెంబట్టుకుని రేవుకి పోతంటే, ఊరు ఇంకేదో అనుకుంది!

పడవల పని ఆవిడ పోయేదాకా ఆవిడదే. అప్పట్నుంచి మా లంకలో ఎవరికన్నా బుద్ధి చెప్పేముందు నీళ్లు చల్లి చూడమంటారు. నేనూ మా ఆయన మీద చల్లతానే ఉన్నానమ్మా. నలభయ్యేళ్లయింది. చుక్కలింకా నిలబడే ఉన్నాయి.