తొడిమలు తీసే చేతులు

కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తున్న అక్క పక్కన తమ్ముడు నోటీసు పట్టుకుని కూర్చున్నాడు.

“వైకల్యం ముప్పై ఎనిమిది శాతమే వేశారక్కా. నలభై ఉంటేనే పింఛను. రేపటిలోగా అప్పీల్ పెట్టాలంట.”

“పోలియో కాలు ఎక్కడికి పోయిందిరా, శాతం తగ్గడానికి?”

“వైకల్య పరీక్షల క్యాంపులో నువ్వేం చెప్పావు?”

“పనేమన్నా చేస్తావా అని డాక్టరుగారు అడిగారు. ఊళ్లో నా అంత జోరుగా తొడిమలు తీసేవాళ్లే లేరన్నాను.”

“అక్కా! ఇది మూణ్ణెల్ల పనేనని చెప్పలేదా?”

“అడగలేదురా. ఖాళీగా కూర్చుంటానని చెప్పడానికి సిగ్గేసింది.”

“ఈసారి ఏ పనీ చేతకాదని చెప్పు. ఇక్కడ సంతకం పెట్టు.”

“పెడతాను. మళ్లీ పిలిస్తే ఈ చేతులెక్కడ దాచుకోను?”

“శుభ్రంగా కడుక్కుని వెళ్దువుగాని.”

“ఎంత కడిగినా ఈ ఎరుపు పోదురా. అప్పుడూ అంతే. కాలు చూడనేలేదు, వీటినే చూశారు.”