తొమ్మిది నెలలు పోసిన కల్లు

హలో… ఆఁ, నేనే అత్తా, నాగరాణిని. పాలమూరు దవాఖాన కాన్నుంచే మాట్లాడుతున్న.

— చూసిండ్రు. మన పిల్ల ప్రణీత తలకాయకు టేపు వెట్టి కొలిచిండు డాక్టరు, చిన్నగున్నదన్నడు. ముక్కు కింద ఏలుతోని రాసి చూసిండు. అందరికీ ఆడ సన్న కాల్వ లెక్క ఉంటదంట. దీనికి సాపుగున్నది.

— గాలి గాదత్తా. దయ్యం గాదు… జర ఇను. 'కడుపుతోని ఉన్నప్పుడు కల్లు తాగినవా అమ్మా' అని అడిగిండు.

— తాగిన అన్న. రోజూ మాపటికి రెండు గిలాసలు అన్న.

— ఎందుకు చెప్పొద్దు? ఇజ్జత్ వోతదా? ఆరేండ్ల పిల్లకు పది దాక లెక్క రాదు. పొద్దుగాల నేర్పింది మాపటికి యాదుండదు. బడిల ఒక్కకాడ కూసోదు. దీనికన్న ఇజ్జతా నీకు?

— కల్లే అత్తా! నేను తాగింది బొడ్డుపేగుల నుంచి దానికి వొయ్యింది. కడుపుల పిల్లకు అరిగించుకునే బలం ఉండదంట. మెదడు పెరిగే యాళ్ళకే దెబ్బ వడ్డదంట.

— మందుతోని పోదన్నడు. నేర్పే మేడమ్ కాడికి వారానికి రెండుసార్లు తీస్కరమ్మన్నడు. ఓపికతోని చెప్తే మెల్లగ నేర్చుకుంటదంట.

— మీరు తాగిండ్రు, మీ పిల్లలకేం కాలే… కొందరికి తాకుతది, కొందరికి తాకదు. నా బిడ్డకు తాకింది.

— చలువ అన్నవు. కాన్పు అల్కగైతదన్నవు. నీ పెద్దకొడుకు గోపాల్ తెచ్చి ముంగట వెట్టిండు, నేను మూతి వెట్టిన. నా నోరు చూస్తే నాకే రోత వుడుతాంది.

— మా అవ్వగారి రగతంల దోషమా? థూ! మొద్దు పిల్లను కన్నదని గోపాల్‌కు ఇంకో పెండ్లి చేస్తనంటివి. పోసింది మీరేనాయె…

ఆగు. ఎవలది గా గొంతు? నీ చిన్నకోడలు సుస్మితదేనా?

— చల్ల తాగుతాందా? అబద్ధం. 'కల్లు నాకొద్దత్తా' అన్నది, నా చెవుకినవడ్డది.

— దానికి ఐదో నెల! నేను గింతసేపు మొత్తుకుంటుంటే, చెవుకు ఫోన్ వెట్టుకోని గిలాసల పోస్తున్నవా? థూ… మనుషులేనా మీరు? ఫోన్ దానికియ్యి. ఇయ్యకుంటే నేనొచ్చి డాక్టరు రాసిన కాయితం ఊరందరి ముంగట సదివిస్త. ఇయ్యి!

…చెల్లె? నేను, అక్కను. ఎన్నడు సంది తాగుతున్నవు?

— మూడు నెలలా… ఏడ్వకు. ముందుగాల గది పారబొయ్యి. నేను ఆగుత.

— పారబోసినవా? అత్త తిడుతాందా? తిట్టనియ్యి.

— లేదు, ఆలస్యం గాలే. నీకు గూడ కడుపున్నదని డాక్టర్ని అడిగిన. ఎప్పుడు బందు వెడితె అప్పటి నుంచి కడుపుల పిల్లకు మేలే అన్నడు.

— పిల్ల మంచిగుంటదా అంటే… తెల్వది చెల్లె. నీకు అబద్ధం చెప్ప. రేపు కొల్లాపూర్‌ల తొలి బస్సెక్కు. నేను రెండు దినాలు గీడనే ఉంట. బస్టాండుకొస్త, డాక్టరుకు చూపిద్దాం.

— అత్త పోనియ్యదా? అత్త మాట ఇనాల్నా?

నేను ఇన్న, చెల్లె. ఇంట్ల ఒక్కరు ఇన్నది చాలు. పెట్టేస్తున్న.