నల్లపిల్లల తండ్రి

హలో… ఆ, నేనేరా, అక్కనే. ఎందుకలా రొప్పుతున్నావ్?

గొడవా? ఎవరితో?… పక్కింటి టైలర్‌గారితోనా! ఆయన నోట్లో నాలుక లేని మనిషి కదరా. ఆయనతో కూడా గొడవ పడటం నీకే చెల్లింది.

ఊఁ… మొన్న నీ కోడిగుడ్లు పిల్లలయ్యాయి. సంతోషం. ఎన్ని?… తొమ్మిది. తొమ్మిదీ నలుపే? ఒక్కదానికీ తెల్లచుక్క లేదు?… అయితే?

అయితే టైలర్‌గారి నల్లపుంజు గోడ దూకి వచ్చి… అయ్యో, నవ్వట్లేదురా. దగ్గొచ్చింది.

సరే తీర్పరిగారూ, నేనడిగింది చెప్పండి. టైలర్‌గారి పుంజు ఎంతెత్తు?… నీ మోకాలిదాకా. నీ పెట్టలు?… జానెడు బాంటం కోళ్లు. వాటికి నిచ్చెన నువ్వే వేశావా?

పోనీ, పిల్లల కాళ్లు చూశావా?… వేళ్లదాకా నూగు. మరి నీ పెట్టల కాళ్లు?… నున్నగా. టైలర్‌గారి పుంజువి?… అవీ నున్ననే. ఇంకెవరికున్నాయిరా ఈకల కాళ్లు, నేనిచ్చిన చుక్కలపుంజుకి, అదే, మనం దొరగారని పిలిచేవాడికి తప్ప?

అదీ సంగతి. తొమ్మిదీ దొరగారి పిల్లలే.

చుక్కలేవంటావా? లోపలున్నాయి… ఆటపట్టించట్లేదు, విను. పిల్లకి రంగు రెండు వాటాలుగా వస్తుంది, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. రెండు వాటాల్లోనూ చుక్క ఉంటేనే ఈక మీద బయటపడుతుంది. నీ నల్లపెట్టల్లో చుక్క లేదు. దొరగారిచ్చిన చుక్క ఒక్కటే ఉండి, అది సిగ్గుపడి దాక్కుంది.

నమ్మవా? నీ ముక్కెవరిది?… అమ్మది, చట్టిముక్కు. నీ కూతురిది?… అచ్చం మన నాన్న చిలకముక్కు. నీ మొహాన ఏనాడైనా కనిపించిందా అది? నీలోంచేగా వెళ్లింది. దానికెవర్నీ నిలదీయలేదేం?… సరే సరే, మరదలు వింటోందా? లెంపలేసుకున్నానని చెప్పు.

ఈ తొమ్మిదీ పెద్దయ్యాక వాటిలో వాటినే జత కట్టు. నాలుగింటికొకటి చొప్పున చుక్కలతో దిగుతాయి. నేను పన్నెండేళ్లు ఏరి ఏరి ఈ చుక్కలజాతిని నిలబెట్టింది అట్లాగే. తొందరగా కావాలంటే, వీటిలో ఒక పెట్టని మళ్లీ దొరగారితోనే—

ఆగాగు.

ఒరేయ్… నువ్వు ఫోన్ చేస్తే దొరగారు మన మాట మనకి వినపడనిచ్చేవాడు కాదు కదా, కూసి కూసి. ఇవాళ ఒక్క కూతా లేదేం?

…ఎప్పుడు?

పదిరోజులా… కుక్క ఎత్తుకెళ్లిందా. గూటి గడియ పెట్టడం మర్చిపోయావా…

చెప్పకూడదటరా?… తిడతాననా. తిట్టేదాన్నే. తిట్టి, కాసేపు ఏడ్చి, మళ్లీ నీకు ఫోన్ చేసేదాన్ని.

అవును, ఏడుస్తున్నాను. కళ్లముందు గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవాడు. ఉండు, ముక్కు తుడుచుకోనీ.

దొరగారు పోయాడు, పిల్లల్లోనైనా ఉంటాడనుకుంటే అక్కడా కనిపించలేదు. ఆ బాధంతా టైలర్‌గారి మీద కక్కావు. అంతేనా?… అంతే. నాకు తెలీదా నీ సంగతి.

సరే, పిల్లలున్నాయిగా. నా దగ్గర మిగిలిన రెండు చుక్కలపెట్టలూ గుడ్లు పెట్టడం మానేసి ఏడాదయింది. నా పన్నెండేళ్ల కష్టమంతా ఇక ఆ తొమ్మిదింటిలోనే ఉందిరా. కంటికి రెప్పలా—

లేకపోవడమేంటి?

టైలర్‌గారింటికా! బుట్టలో పెట్టి?… ‘మీ పుంజు నిర్వాకం, మీరే పెంచుకోండి’ అని గేటు దగ్గర దించొచ్చావా! తల్లి లేకుండానా! ఓరి నా తెలివిగల తండ్రీ… ఆయనేం చేశాడు?… బుట్ట లోపలికి తీసుకెళ్లాడా. ఎప్పుడు?… పొద్దున్న.

లే. ఇప్పుడే. ఆయన ఎవరికైనా ఇచ్చేస్తే మనకింకేమీ మిగలదు. చెప్పులేసుకో… మొహం చెల్లకపోతే మొహం ఇంట్లో పెట్టి వెళ్లు. ఫోన్ కట్ చెయ్యకు, ఫోన్‌లోనే నేనూ నీతో వస్తున్నా.

గేటు తీశావా?… పిలువు. ‘ఏవండీ’ అనాలి, ‘ఏయ్’ కాదు.

ఎక్కడున్నాయి?… కుట్టుమిషన్ పక్కన, దీపం కింద. వెచ్చగా గుడ్డపేలికలు పరిచాడా! లెక్కపెట్టు… మళ్లీ పెట్టు, నీ లెక్కలు నాకు తెలుసు… తొమ్మిది. అమ్మయ్య.

ఏమంటున్నాడు?… ‘కోపం తగ్గాక మీరే వస్తారనుకున్నాను’ అన్నాడా. చూశావా, మనిషంటే అదీ. తప్పయిందన్నావా?… తల ఊపితే కాదు, నోటితో అను. నేను వినాలి.

…విన్నాను. పాసయ్యావు.

ఇంకోటి. నాలుగింటిని ఆయన్నే పెంచమని అడుగు… మతిపోలేదురా, తెలిసే అంటున్నా. అన్నీ ఒకే గూట్లో ఉంటే ఒక్క కుక్క చాలు. దొరగారి వంశం రెండిళ్లలో పెరగాలి. రేపు మొదటి చుక్కలపిల్ల ఆయనింట్లో పుట్టినా సరే, నేనొచ్చి చూస్తాను.

ఒప్పుకున్నాడా?… అప్పుడే నాలుగు ఏరి ఒళ్లో పెట్టుకున్నాడా!

ఇక ఫోన్ పెట్టెయ్ తమ్ముడూ. మిగతా ఐదింటినీ తల్లి దగ్గరికి తీసుకెళ్లు. రెండు చేతులూ కావాలి.