ఖిమ్‌కి వచ్చిన మాట

ఆ బొమ్మల అట్టలు ముందు సంచిలో పెట్టు టీచరమ్మా! చూస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. నాలుగు నెలలు! ఎండనక వాననక సోంగ్‌తేవ్ బండి ఎక్కి, ఆ కుదుపుల్లో మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, నీ దగ్గర దానికి మాటలు నేర్పించాలని ఈ ఆసుపత్రికి వచ్చింది ఇందుకా?

ఆరేళ్ళ పిల్లకి వారానికి నాలుగు మాటలంట! నాలుగే! మా పక్కింటి పిల్లకి మూడేళ్ళు, పొద్దున లేస్తే వీధి వీధంతా తిట్టిపోస్తుంది. దానికెవరు నేర్పారు? ఏ టీచరు కూర్చుని ముప్పైసార్లు చెప్పింది? పిల్లలన్నాక మాటల్ని గాల్లోంచి పట్టుకుంటారమ్మా. మా ఖిమ్ పట్టుకోదు. సరే, అది వేరే సంగతి.

నువ్వు పీత బొమ్మ చూపించి 'పీత' అన్నావు. అదీ 'పీత' అంది. నువ్వు చప్పట్లు కొట్టావు. ఇంటికెళ్ళి, పొలంలో పట్టిన నిజం పీతని ఎదురుగా పెట్టి ఇదేంటే అంటే, గోడకి చెప్పినట్టే! మర్నాడొచ్చి నిన్ను కడిగేశానా? అప్పుడేమన్నావు? 'ఒక్కరోజు విన్న మాట ఈ పిల్లకి నిలవదు అమ్మమ్మా. పని చేస్తూ, వస్తువు ఎదురుగా పెట్టుకుని, అదే మాట రోజూ అనాలి. అని, నోరు మూసుకుని పది లెక్కపెట్టాలి' అన్నావు.

నోరు మూసుకోవాలా? నేనా? మా ఆయన బతికున్నన్నాళ్ళూ బతిమాలినా మూయలేదు నేను.

ఆహా, ఏం చదువమ్మా! బ్యాంకాక్ దాకా వెళ్ళి ఇదా నేర్చుకొచ్చావు? మా అత్తయితే బతికున్న కప్పని తెచ్చి, మాట రావాలని పిల్ల మూతి మీద మూడుసార్లు తాటించేది. నేనూ తాటించాను. ఎందుకా నవ్వు? కప్ప అరిచింది, పిల్ల అరవలేదు, అంతే తేడా.

సరే, నువ్వు చెప్పినట్టే చేశాను. రోట్లో పీతలు దంచుతూ పీత, పీత, పీత. పద్దెనిమిదో రోజున అంది. ఏదో అందిలే. గొప్పే!

ఇవాళ ఇంత చిందులేస్తున్నానేమిటంటావా? సోమవారం ఊళ్ళో బడికి తీసుకెళ్ళాను, ఒకటో తరగతిలో వెయ్యడానికి. అక్కడ చేర్చుకోకపోతే ఇంక నాన్ పట్నంలో ఇలాంటి పిల్లలకి వేరేగా పెట్టిన బడే. అక్కడే పడుకోవాలి, నెలకోసారి ఇంటికి పంపుతారు. దాని తల్లి ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంది, దానికి ఉన్నది నేనొక్కదాన్నే. జిగురన్నం నేను ముద్ద చేసి చేతిలో పెడితే గాని తినదు టీచరమ్మా!

ఆ పెద్దమాస్టారున్నాడే, బానపొట్టా ఆయనా! 'పాపా, నీ పేరేంటి?' అన్నాడు. ఖిమ్ పలకలేదు. నాకేమో నాలుక దురద. అయినా నీ మాట గుర్తొచ్చి పళ్ళు బిగపట్టాను. ఒకటి, రెండు, మూడు... ఎనిమిదికి ఖిమ్ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. ఒక్క అక్షరం పోకుండా అంది.

'అనాకారి.'

మాస్టారు నవ్వాడు. ఆయనకి తెలీదా, పిల్లల్ని గారంగా అలా పిలిచే మన అలవాటు? వాళ్ళమ్మా ఆయన్ని అలాగే పిలిచి ఉంటుంది, ఆ మొహానికి అబద్ధం కూడా కాదు. కానీ ఖిమ్ ఆగితేగా! దరఖాస్తు మీద తన ఫోటో చూపించి 'అనాకారి' అంది. బీరువా అద్దంలో తనని చూపించి 'అనాకారి' అంది. ఎంత సంతోషంగానో! ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని చుట్టూ చూసింది కూడా. మాస్టారు నవ్వు ఆపేసి దరఖాస్తు నా చేతికిచ్చేశాడు. 'పట్నం బడే దీనికి మంచిదమ్మా' అన్నాడు. పెద్ద తెలిసినవాడు!

అలా చూడకు. ఎవరు నేర్పారనేగా? ఇంకెవరు?

నా మొదటి బిడ్డ బంగారుబొమ్మలా ఉండేది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఎంత చక్కగా ఉందో అన్నారు. నేనూ మురిసిపోయి అవునన్నాను. దయ్యాలకి చెవులుంటాయమ్మా. నలభై రోజులు కూడా ఉండలేదు బిడ్డ.

అందుకే దీన్ని పుట్టినప్పట్నుంచీ ఒక్కనాడు చక్కనిదనలేదు. నీళ్ళు పోస్తూ అనాకారీ, అన్నం పెడుతూ అనాకారీ, ముద్దు పెట్టుకుంటూ అనాకారీ. మిగతా పిల్లలు పదిమంది నోళ్ళలో పది మాటలు వింటారు, ముసల్ది గారానికి అంటోందని కనిపెడతారు. దీనికి అవేవీ అందవుగా! ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తూ రోజూ ఏ మాట అంటే అదే దీనికి నిజం. నువ్వు చెప్పిన పాఠమే కదూ? ఆరేళ్ళుగా చెప్తున్నాను నేను, బుద్ధిలేనిదాన్ని. నీకంటే బాగా నేర్పాను.

సోమవారం నుంచి ఖిమ్ అనే పిలుస్తున్నాను. పలకదు. అనాకారీ అంటే మాత్రం నవ్వుకుంటూ పరుగెత్తుకొస్తుంది.

ఇవాళ పొద్దున వంటింట్లోంచి అనేశాను టీచరమ్మా. గట్టిగానే అన్నాను, వినేవాళ్ళు వింటే విననీ అని. 'నా చక్కని తల్లీ, ఇలా రావే' అన్నాను.

అది నా వైపు చూడనే లేదు. ఎవరొచ్చారో అని గుమ్మం వైపు చూసింది.