తాళాలాయన పెట్టిన సెలవు కాఫీ

తాళాలాయన నోరు విప్పితే టీకొట్టు బల్ల మీదున్నవాళ్లు ముందు గ్లాసులు ఖాళీ చేసుకుంటారు, నవ్వితే ఒలికిపోతాయని. పాడైన తాళాలు బాగుచేయడం, పోయిన తాళంచెవికి మారు చెవి చెక్కడం ఆయన వృత్తి. చెవి చెక్కినంత సునాయాసంగా అబద్ధమూ చెక్కుతాడు. చెవి ఒక్కోసారి పట్టకపోవచ్చు గానీ, అబద్ధం తిరగని తాళం లేదు.

ఆ రోజు మాత్రం ఊసుపోక రాలేదు. మసాలా పొడుల మిల్లు మేస్త్రీ ఆ వేళకి టీకి వస్తాడని తెలిసే వచ్చాడు. తాళాలాయన భార్యది ఆ మిల్లులో వాసన చూసే పని. సరుకు మరలో పడేముందు గుప్పెడు తీసి మూచూసి, ఇది మంచిది, దీనికి బూజు తగిలింది అని తేల్చేది ఆవిడే. ఏళ్ల తరబడి ఆ కుర్చీ ఆవిడది. మొన్న వానల్లో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. సెలవులు ముగిసి రేపు మిల్లు తెరుస్తారు. రేపటికి ముక్కు పనిచేస్తే కుర్చీ ఆవిడది, లేకపోతే ఇంకొకరిది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలియనట్టు టీ ఊదుకుంటున్నారు.

ఇవాళ ఇంట్లో సెలవు కాఫీ నేనే పెట్టానని మెల్లగా మొదలెట్టాడాయన.

మిల్లు మూసేముందు జల్లెళ్ల అడుగున మిగిలిన పొడిని పనివాళ్లు పొట్లాలు కట్టుకుని తీసుకెళ్తారు. దాల్చినచెక్క, లవంగం, శొంఠి అన్నీ కలిసిపోయిన దుమ్ము అది. దాంతో సెలవు రోజు కాఫీ పెట్టుకోవడం ఆ ఇళ్లలో రివాజు. ఏటా ఆవిడే పెట్టేది. ఈసారి పొట్లం విప్పను కూడా విప్పలేదు.

"నీళ్లు మరిగించడం ఎవరు నేర్పారన్నా?" అన్నాడు ఇస్త్రీ ఆయన. ఎదుటివాడి మడత చెడగొట్టకుండా ఉండలేడు.

నేర్పేదేముంది, చక్కెర ఎర్రగా కరిగించి, పొట్లం అందులో దులిపి, డికాషన్ పోశానన్నాడు. జాజికాయ తురమడానికి ఏమీ దొరక్క తాళంచెవులు రాసే ఆకురాయితోనే రాశాడట. అక్కడిదాకా నిజమే. అక్కడినుంచి నాలుక పగ్గం తెంపుకుంది.

"పాలు పోసి చిలికానా, నురుగు లేచింది. మూత లేచింది. నురుగు ఎంత చిక్కగా ఉందంటే, పక్కింటి పిల్లి దాని మీద నడుచుకుంటూ అటకెక్కింది, దిగమంటే దిగదే. సరే అని కిటికీ తెరిచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన వీధిలోకి దిగింది. మలుపులో బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, అయ్యా, ఇంజను మొరాయిస్తోంది, దానికీ ఓ గుక్క పోస్తేగాని కదలనంటోంది అన్నాడు. పోశాను. ఆ బస్సు ఇప్పటికీ ఆగినట్టు కబురు లేదు."

నవ్వారు. ఆయన నవ్వలేదు, మేస్త్రీ ముఖమే చూస్తున్నాడు. మేస్త్రీ కూడా నవ్వడం లేదు. ఎవరూ అడక్కుండానే కథ ఇంకాస్త పైకెక్కింది. వీధిలో ఇళ్లకున్న తాళాలన్నీ ఆ వాసనకి వాటంతటవే ఊడి పడ్డాయట, తన నోటికాడ కూడు తనే తీసుకున్నట్టయిందట.

"ఆసుపత్రి శవాల గదిలో ఒకాయన లేచి కూర్చున్నాడయ్యా. నర్సమ్మని పిలిచి, నాకు మాత్రం చక్కెర తక్కువ వెయ్యమన్నాడు."

"తాగి మళ్లీ పడుకున్నాడా?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"వాళ్లావిడొచ్చి ఇంటికి తీసుకుపోయింది."

అప్పుడు గొంతు తగ్గించాడు. పైపైకి పోయినవాడు ఒక్కసారిగా నేలకి దిగాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు. మా ఆవిడ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునుంది. లేచొచ్చింది. గుమ్మంలో నిలబడి, లవంగం కాస్త ఎక్కువైందయ్యా అంది. తాగకుండానే. వాసనకే."

బస్సుని ఆపినప్పుడు నవ్వినవాళ్లు, శవాన్ని లేపినప్పుడు తొడ చరుచుకున్నవాళ్లు, ఇప్పుడు ఖాళీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆయన చెప్పినవాటన్నిట్లో జరగడానికి వీలున్నది ఇదొక్కటే. అందుకే ఎవరికీ నవ్వు రాలేదు. ఇస్త్రీ ఆయన తలవంచుకుని, మాసిపోని చొక్కా అంచు దులుపుకున్నాడు.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. ఆవిడ చేతికింద పని నేర్చుకున్నవాడు. "నిజంగానా బావా? నిజమైతే రేపు అక్కని వచ్చి కూర్చోమను. యజమానికి నేను చెప్పుకుంటాను."

"ఒట్టు," అన్నాడు తాళాలాయన.

"ఒట్టెందుకు, నేనున్నాగా."

వెనక ఆయన భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, టీకొట్టు పిన్ని స్టూలు జరిపినా కూర్చోలేదు. తాళాలాయన వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం కుంచించుకుపోయింది.

"ఆ బస్సు సంగతి నమ్ము తమ్ముడూ, కావాలంటే శవాన్నీ నమ్ము," అంది మేస్త్రీతో. "ఇది మాత్రం నమ్మకు. పొద్దున ఈయన పాలు పొయ్యి మీద పెట్టి ఆకురాయి కోసం వీధి అరుగు మీదికి పోయాడు. నేను పొయ్యి పక్కనే అటు తిరిగి కూర్చుని కూర తరుగుతున్నా. పాలు మాడి, గిన్నె మాడి, మేడమీదావిడ ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చింది. నేనింకా తరుగుతూనే ఉన్నా."

మెల్లగా వస్తుందిలే అక్కా, కొన్నాళ్లు చూద్దాం, సరుకు నేను కూడా ఓసారి చూస్తుంటానని మేస్త్రీ నీళ్లు నమిలాడు.

"ఏం చూస్తావ్? బూజు పట్టిన దాల్చినచెక్క ఒక్క గుప్పెడు నా చేతిలోంచి జారిపోయిందనుకో, అది ఎవరింటి పసిపిల్ల పాలల్లో పడుతుందో. నా మీద జాలికి వాళ్లెందుకు వాంతులు చేసుకోవాలి? జల్లెడ దగ్గర ఉండే ఆ పొట్టిదాన్ని కూర్చోబెట్టు. దానికి నోరు లేదు గానీ ముక్కుంది."

మేస్త్రీ తలూపాడు. అంతే, కుర్చీ పోయింది. ఏళ్ల తరబడి కూర్చున్న కుర్చీ, టీ చల్లారేలోపు పోయింది.

అప్పుడావిడ భర్తకి ఎదురుగా వచ్చి నిలబడింది. కోప్పడుతుందనుకున్నారంతా. ఆవిడ కోపం తెలియనివాళ్లు ఆ వీధిలో లేరు.

"మళ్లీ పాలు తెచ్చి కాఫీ పెట్టావు కదా, తాగాను. నాకు వేడినీళ్లు తాగినట్టుంది. నువ్వూ తాగావుగా. వాసన ఎలా ఉందో చెప్పు. కోతలు వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

తాళాలాయన నోరు తెరిచాడు. బల్ల మీదివాళ్లు ఎదురుచూశారు. కళ్లు తుడుచుకున్నాడు.

"బాగుందే," అన్నాడు.

"బాగుందంటే?"

"బాగుంది. అంతే. ఎలా చెప్పనే?"

ఆవిడ మేస్త్రీ వైపు తిరిగి, సంచులు కుట్టే పనిలో ఖాళీ ఉందా, సూది ఇంటినుంచి తెచ్చుకోవాలా, మిల్లులోనే ఇస్తారా అని అడిగింది.