సుందరమ్మ పాటల పుస్తకం

దీవిలోని హాడో పేటలో ప్రేమయ్య ఇంటి వరండా. రేపు చర్చిలో ఆయనకు సన్మానం. ఆయన హాస్యకథల్లో ఒకదాన్ని మనవరాలు ఫేబే చదివి వినిపించాలి.

“అది తప్ప ఇంకేదైనా చదువు బేటీ.”

“పాస్టర్‌గారు అదే అడిగారు తాతా. సుందరమ్మ పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునే కథ.”

“మెల్లగా! వంటింట్లో మీ నానమ్మ ఉంది.”

“ఉంటే?”

“సుందరమ్మ ఎవరనుకున్నావ్?”

“కథలో మనిషి.”

“ప్రతి ఆదివారం ముందు బెంచీలో పుస్తకం తిరగేసి పట్టుకుని పాడేదెవరు?”

“అయ్యో! నానమ్మ!”

“మరి?”

“అయితే కూరలో రెండుసార్లు ఉప్పేసిందీ, నీల్ దీవికి వెళ్లాల్సింది హావ్‌లాక్ దీవి బోటెక్కిందీ...”

“అన్నీ ఆవిడే. ఆవిడ లేకపోతే నేను రచయితనే కాను.”

“నానమ్మకి తెలీదా?”

“హిందీ మీడియం చదువు. తెలుగు అక్షరమ్ముక్క రాదు. ఆ ధైర్యంతోనే కదా ఇన్నేళ్లు రాశాను! ఏం రాస్తున్నారండీ అంటే, దేవుని వాక్యం గురించి అన్నాను.”

“అబద్ధం చెప్పావా?”

“భయపడ్డాను. రేపు సంఘమంతా నవ్వుతుంటే ఆవిడ ఒక్కతే నా వైపు చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేను. ఓడ కథ చదివెయ్.”

“దానికి ఎవరూ నవ్వరు తాతా.”

“అందుకే.”

“ఏవండీ! డైరీ ఫార్మ్ బజార్లో టైలర్ షాపు మూసేస్తాడు. మీ చొక్కా తెచ్చుకోరా?”

“వెళ్తున్నా జ్ఞానవతీ, వెళ్తున్నా. ఫేబే, ఓడ కథ. సమ్‌ఝీ?”

“సమ్‌ఝీ తాతా.”

“వెళ్లారా ఆయన? ఏ కథ చదువుతున్నావే?”

“ఓడ... ఓడ కథ నానమ్మా.”

“వద్దు. జనం నిద్రపోతారు. పాటల పుస్తకం కథ చదువు.”

“అది నీకెలా తెలుసు?”

“పత్రికలో చదివాను.”

“నీకు తెలుగు రాదుగా!”

“మా సండే స్కూల్లో బైబిల్ ఏ భాషలో చదివించారనుకున్నావ్?”

“మరి తాతకి చెప్పలేదే?”

“ఆయన అడగలేదు.”

“అయితే ఉప్పు? బోటు? అన్నీ కావాలనే చేశావా?”

“ఉప్పు కావాలనే వేశాను. బోటు మాత్రం నిజంగానే తప్పెక్కాను.”

“పుస్తకం?”

“ఆ వారం ఆయనకి రాయడానికేమీ దొరకలేదు. అన్నం ముట్టకుండా పెన్ను నములుతూ కూర్చున్నారు. ఆదివారం చర్చిలో పుస్తకం తిప్పి పట్టుకున్నాను. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.”

“ఆ ఒక్క వారమంటే సరే. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎందుకు తిప్పుతున్నావ్?”

“తిన్నగా పట్టుకుంటే ఆయన రాసింది అబద్ధమైపోదూ?”