తొమ్మిది ముళ్ళ తాడు

నాంచారమ్మ అని ఒకామె ఉండేదంట, ఉప్పుదిబ్బలో. ఉప్పుదిబ్బంటే ఊరు గాదు, సముద్రం ఒడ్డున ఉప్పు మడుల పక్కన ముప్పై గుడిసెలు. మొగుడు పోయాక మడిలో పార పట్టిందీ ఆమే, గూడెంలో ఎవరికి ఏ తగువొచ్చినా తీర్చేదీ ఆమే. ఆ ముప్పై గుడిసెలూ ఒక రోహిణి ఎండలో, మిట్టమజ్జాన్నం, అందరూ మడుల్లో ఉండగా అంటుకున్నాయంట. ఎవరి పొయ్యిలో నిప్పురవ్వో ఏమో, పైన సముద్రం గాలి, ఇంకేముంది. పరిగెత్తుకుంటా వచ్చేసరికి మట్టిగోడలు నిలబడున్నాయి, కప్పులు లేవు. మనుషులు దక్కారు, అదే పదివేలు. అయితే నాంచారమ్మ కోడలు తిరుపతమ్మ నిండు నెలలతో ఉంది. ఆ పిల్లని రెండు గోడల మధ్య చీర కట్టి ఆ నీడన పడుకోబెట్టి, ఈమె ఆకాశం వైపు చూసిందంట. ఇంకో పదిహేను రోజుల్లో మృగశిర. వాన దిగేలోగా కప్పు పడకపోతే ఆ పిల్ల యాడ కనాలి? అదీ ఆమె దిగులు.

కరణం దగ్గరికి పోయి, సర్కారుకి అర్జీ రాసిపెట్టయ్యా అని అడిగిందంట. ఆయన అరుగు మీద నుంచి దిగకుండానే, ఇయ్యాళ శుక్రవారం, రేపు శనివారం, ఆదివారం రా అన్నాడు. ఆదివారం పోతే నిద్రపోతన్నాడు. పెంకుటింట్లో నిద్ర గదా, బాగా పట్టుద్ది. రాత వచ్చినోడు రాయకపోతే రాత రానోళ్ళు చేసే పని ఒకటుండేది ఆ రోజుల్లో. తాడు పంపడం. మీరు వినుండరు, చెప్తా. అక్కడికి రెండు కోసుల దూరంలో తాళ్ళమిట్ట, నలభై ఇళ్ళు, అందరూ కల్లు గీసేవాళ్ళు. చుట్టుపక్కల ఎవరి కొంప కాలినా తాటాకు కోసం వాళ్ళకి తాడు పోవాల్సిందే, వాళ్ళు ఆకు ఊరికే ఇయ్యాల్సిందే. అదీ ఆనవాయితీ. నోటితో లెక్క చెప్పి అడగగూడదు. అడిగేవాడికి సిగ్గు, ఇచ్చేవాడికి దిష్టి. ఎంత కావాలో తాడుకి ముళ్ళేసి పంపడమే. రెండో తాడు పంపడం ఇంటావంటా లేదు, వచ్చిన కాడికి పుచ్చుకోవాలి. ముడంటే ఒకటి గాదనుకో, పెద్ద లెక్క. ఒక్కోదానికి ఒక్కో ముడేస్తా కూర్చుంటే ఆ తాడుకి కొబ్బరిపీచు చాలొద్దా? ఉప్పోళ్ళకి వెయ్యి గంపలు ఒక కుప్ప, కుప్పకో ముడి. నాంచారమ్మ బుద్ధెరిగిన కాడ్నుంచి ముడంటే వెయ్యే. ఇంటికి మూడొందలాకు, ముప్పై ఇళ్ళకి తొమ్మిదివేలు. తొమ్మిది ముళ్ళేసి, అటుపోయే ఉప్పుబండి మనిషి చేతిలో పెట్టి, దండం పెట్టింది.

ఏమైందంటే, ఐదోరోజు మూడు బళ్ళొచ్చాయంట. దించారు, లెక్కపెట్టారు, తొమ్మిదొందలు. వెనక ఇంకా వస్తన్నాయేమోనని దారి వైపు చూస్తా నిలబడ్డారు. బండోళ్ళు కిరాయికొచ్చిన పైఊరోళ్ళు, ఎద్దులకి నీళ్ళు పెట్టి, కట్టుకుని, పోయొస్తామమ్మా అని వెళ్ళిపోయారు. తొమ్మిదొందలంటే మూడిళ్ళకి. ముప్పైలో మూడు! గూడెంలో అంకులు అని ఒక కుర్రోడు, నోరు పెద్దది, వాడు లేచాడంట. తాటితోపు ఆకాశం కింద గోడ కట్టినట్టు ఇక్కడికే కనపడతంది, ఆ చెట్లు వాళ్ళు కన్నారా, భూమి కన్నది, మన ఉప్పు లేకుండా వాళ్ళ నోట్లోకి ముద్ద దిగిందా ఎప్పుడన్నా, పదండి, తోపులో పడి మనమే కోసుకుందాం అని. నాంచారమ్మ అంతా విని, సరేరా, ముందు ఒక చెట్టెక్కి చూపించు అందంట. వాడు పుట్టాక నడుం వంచడమే గాని పైకెక్కింది లేదు. జనం నవ్వారు. నవ్వారే గాని ఎవరి గుండెలో మంట వాళ్ళకుంది. ఆ మూడు కప్పులూ ఎవరికెయ్యాలి? కళ్ళు లేని ముసలోళ్ళింటికి ఒకటి, పాలు తాగే బిడ్డలున్న రెండిళ్ళకి రెండు అని చెప్పింది నాంచారమ్మ. తన ఇంటి పేరు ఎత్తలేదు. తిరుపతమ్మ చీర నీడలోంచి అత్త వైపు చూసిందంట. తిట్టుంటేనే నయంగా ఉండేది ఈమెకి.

మర్నాడు పొద్దున్నే గంపెడు ఉప్పు ఎత్తుకుని బయల్దేరిందంట. ఎందాక అన్నాడు అంకులు. తాళ్ళమిట్టకి, దండం పెట్టొస్తా అంది. తొమ్మిదివేలు అడిగితే తొమ్మిదొందలు పడేసినోళ్ళకా దండం అన్నాడు వాడు.

"ఇయ్యనిదానికి తిట్టడానికి పోవట్లేదురా. ఇచ్చినదానికి దండం పెట్టడానికి పోతన్నా. అదీ ఇదీ కలపమాక" అంది.

అన్నదే గాని, దారి పొడుగునా నెత్తి మీద ఉప్పు కంటే లోపలి కోపమే బరువనుకో. పోయేసరికి అక్కడ పెద్దమనిషి గురవయ్య అరిచెయ్యికి గుడ్డ కట్టుకుని కూర్చోనున్నాడు, ఆకు కోసేటప్పుడు మట్ట రంపాలు చీరినియ్యంట. చెల్లెమ్మా రా రా అని చాపేశాడు, ముంజలు కొట్టించాడు. ఆకు అందిందా, పచ్చాకు గదా, ముడుచుకోకుండా పరిచి పైన రాళ్ళు పెట్టారా అని అడిగాడు. ఆయన మొహం చూస్తే పెళ్ళి చేసి కూతుర్ని పంపినోడి మొహం మాదిరి ఉంది. అందింది అన్నా, మీ చల్లని చేతులు బాగుండాలి అని ఈమె ఉప్పు దించి, నేల మీద మోకాళ్ళేసి దండం పెట్టింది. పెడతంటే ఆ కోపం యాడికి పోయిందో ఆమెకే తెలీదంట. ఆ గుడ్డ మీద రక్తం మరక కనపడతంది గదా.

గురవయ్య భార్య పిచ్చమ్మ ముంజలు వొలుస్తా, మీయి ఎన్నిళ్ళు వదినా అని మాటవరసకి అడిగింది. ముప్పై అంది. వొలిచే చెయ్యి ఆగిపోయిందంట. మా ఒక్కింటికే మూడు ముళ్ళు పడతాయే, ముప్పై ఇళ్ళకి తొమ్మిది ముళ్ళేంది అంది. నాంచారమ్మ తలొంచుకుంది. చెప్తే అడిగినట్టయిద్ది గదా. పిచ్చమ్మ ఊరుకునే రకం గాదు. గెడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "నువ్వు అడగట్లేదమ్మా, నేనడుగుతన్నా. మీకు ముడికెంత?" అంది.

"వెయ్యి."

వాళ్ళకి వందంట! వందాకులు ఒక దొంతి, దొంతికో ముడి. జాలరోళ్ళనడిగితే ఇంకో లెక్క, తమలపాకు తోటోళ్ళనడిగితే మరో లెక్క. ఎవరి ముడి వాళ్ళకి లోకమంతా అదే ముడి. గురవయ్య చేతికున్న గుడ్డ వైపు చూసుకుని, "ముప్పై కొంపలు కాలితే మూడు కొంపలకి పంపి, నిన్నట్నుంచి మీసం తిప్పుతా కూర్చున్నానే" అన్నాడు.

మరి ఆకు? చెట్టుకి మొవ్వు చుట్టూ కాసిని ఆకులు ఉంచాలి, లేకపోతే చచ్చిద్ది. కోయగలిగింది కోసేశారు. అయితే వాళ్ళ సొంత ఇళ్ళు కప్పుకోను ఆ ఏడు ఎండబెట్టి దొంతులేసుకున్న ఆకుంది, ఇంటికి రెండొందలు. గురవయ్య వీధిలోకి పోయి నిలబడి సంగతి చెప్పాడంట. వద్దన్నా, మీ ఇళ్ళు కురుస్తాయి అని నాంచారమ్మ ఆయన కాళ్ళకి అడ్డం పడింది. పాత కప్పు ఇంకో ఏడు లాగుద్దిలే అన్నారు వాళ్ళు. నలభై ఇళ్ళూ ఇచ్చాయి. ఎనిమిదివేలయింది, ఇంకా వంద తక్కువ. మా లెక్కలో ఒక్క ముడేగదా అని గురవయ్య తన వంటపాక మీదకెక్కి, మంచి ఆకులన్నీ పీకేశాడంట. పిచ్చమ్మ కింద నిలబడి, ఎండలో వండుకోవాలా నేను అని తిడతానే అందుకుంది. బళ్ళతో పాటు మనుషులూ వచ్చారు, ఉప్పోళ్ళకి కప్పడం రాదు గదా. మూడు రోజులు వాళ్ళు పైన, వీళ్ళు కింద. అంకులు ఆకులందిస్తంటే తాళ్ళమిట్ట ఆడోళ్ళు, తోపు కోస్తానన్న వీరుడు ఈయనేనా అని అడిగేవాళ్ళంట. వాడు తల దించుకుని, అందరికంటే ఎక్కువ మోశాడు.

తిరుపతమ్మ ఆ కొత్త కప్పు కిందే ఆడపిల్లని కన్నది. నాలుగోరోజు పొద్దుటే వాన దిగింది. ఎట్టాంటి వాన, సముద్రం లేచి నిలబడ్డట్టు. ఇంట్లో చుక్క లేదు. నాంచారమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని ఆ చప్పుడు వింటా వింటా, బిడ్డని తల్లి పక్కలో పడుకోబెట్టి లేచిందంట. యాడికత్తా అని కోడలు అడుగుతన్నా గుమ్మం దాటింది. రెండు కోసులూ వానలో నడిచి తాళ్ళమిట్ట చేరేసరికి, ఏ ఇంట్లో చూసినా కుండలే, కారే చోటల్లా ఒక కుండ. గురవయ్య గోనెపట్టా కప్పుకుని మూలకి ముడుక్కోనున్నాడు. ఎందుకొచ్చావు చెల్లెమ్మా ఈ వానలో, కూర్చోను పొడిచోటు కూడా లేదే అన్నాడు. "దానికే వచ్చా" అని వాళ్ళ పక్కనే, చుక్క పడేచోట కూర్చుంది. నిండిన కుండలు పారబోస్తా, వాన వెలిసిందాకా కదల్లేదంట.

ఇంటికొచ్చి నాలుగు రోజులు జలుబుతో మూలిగింది. ఊరంతా ఒళ్ళొంచి మనకి కప్పేస్తే నువ్వు పోయి తడుస్తావా, బిడ్డకి అంటదా అని కోడలు ఒకటే గొణుగుడు. కోడలిదీ న్యాయమే, కాదనను. కానీ నన్నడిగితే నేనూ పోయుండేదాన్నే.